ఒక్కొక్కరికి తగిన ఆదరణ

పాఠ్యభాగములు: మార్కు 7:31–37, మార్కు 5:1–20, 1 రాజులు 19:1–18, మార్కు 2:1–12

పాఠము యొక్క గురి: ఆటిజం గల బిడ్డలను, మానసిక అస్వస్థతతో బాధపడుచున్నవారిని సంఘముగా మనము ఎట్లు ఆదరించవలెనో నేర్చుకొనుట.



ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితం ఒక ఆదివారము ఆరాధనలో జరిగిన సంగతితో ఈ పాఠము మొదలుపెట్టుచున్నాము. ప్రకాశం జిల్లా నుండి ఇండ్లు కట్టే పనికి చెన్నపట్టణము వచ్చిన ఒక కుటుంబము మన మధ్యకు కొత్తగా వచ్చింది. వారికి ఏడేండ్ల కుమారుడు. మాటలు చాలా తక్కువ. పాటలు మొదలై డోలక్, రిథమ్ ప్యాడ్ మ్రోగగానే ఆ బిడ్డ రెండు చెవులు మూసుకొని గట్టిగా కేకలు వేశాడు. అందరూ వెనుదిరిగి చూశారు. మేము లేచి వెళ్ళి ఆ తల్లితో, "అమ్మా, బాబును బయటికి తీసుకొని వెళ్ళండి. కుదురుగా కూర్చోవడం నేర్పించి తీసుకొని రండి" అన్నాము. ఆమె తల వంచుకొని వెళ్ళిపోయింది. ఆ తరువాత అయిదు నెలలు ఆ కుటుంబము గుడికి రాలేదు. వారు ఎందుకు రాలేదో అడిగినవారు కూడా లేరు.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము. బిడ్డను ఎరిగిన తరువాతనే పాఠము చెప్పవలెనని నేర్చుకొని, ఎన్నో ఏండ్లు దానినే ఇతరులకు చెప్పినవారము. అయినను ఆ ఉదయము ఆ బిడ్డను ఎరుగకుండానే తీర్పు చెప్పాము. ఈ తప్పును ఒప్పుకొనకుండా ఈ పాఠము వ్రాయుట మాకు సాధ్యము కాదు.

1. ముందుగా తెలిసికొనవలసిన భేదము

ఆటిజం, మానసిక రోగము ఒకటి కావు. ఆటిజం పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో ఉండే భేదము. 1943లో లియో కానర్ అను వైద్యుడు పదకొండుమంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతో అది వైద్యలోకములో ప్రత్యేకమైన స్థితిగా గుర్తింపు పొందింది. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవుట, కావలసిన దానిని వ్రేలితో చూపకపోవుట, మాట ఆలస్యమగుట, వస్తువులను వరుసగా పేర్చుచుండుట, రోజూ జరిగే క్రమము మారితే తల్లడిల్లుట, కొన్ని శబ్దములను, వెలుగును, స్పర్శను ఓర్చుకొనలేకపోవుట దీని గురుతులలో కొన్ని. ఇవన్నీ ప్రతి బిడ్డలో ఉండవు. ఒకరు అసలు మాటాడరు. మరొకరు డిగ్రీ చదివి ఉద్యోగము చేస్తారు. ఆటిజంను పోగొట్టే మందు లేదు. అయితే చిన్న వయస్సులో గుర్తించి, మాట నేర్పే శిక్షణ, చేతిపనులు, స్వంత పనులు నేర్పే శిక్షణ ఇచ్చినయెడల బిడ్డ చాలా నేర్చుకొనగలడు.

మానసిక రోగము వేరు. అప్పటివరకు బాగుగా ఉన్న మనిషికి ఏ వయస్సులోనైనా రావచ్చు. దీర్ఘకాల దిగులు, విపరీతమైన భయము, ఎవరూ లేని చోట మాటలు వినబడుట, అయినవారి మీదనే అనుమానము వంటివి ఇందులోనివి. వీటికి చికిత్స ఉన్నది, మందులు ఉన్నవి. అనేకులు బాగుపడి పనులు చేసుకొంటున్నారు. ఆటిజం గలవారికి కూడా దిగులు, భయము రావచ్చును గనుక ఒక్కొక్కప్పుడు ఈ రెండూ ఒకరిలోనే ఉండవచ్చు.

"మరి దయ్యము సంగతి ఏమిటి?" అని మన పెద్దలు అడుగుతారు. మత్తయి 4:24 జాగ్రత్తగా చదవండి. అక్కడ దయ్యము పట్టినవారు వేరుగా, చాంద్రరోగులు వేరుగా, పక్షవాయువు గలవారు వేరుగా చెప్పబడ్డారు. వాక్యమే వేరు చేసినదానిని మనము కలిపివేయరాదు. అర్థము కాని ప్రతిదానిని గాలి అనీ, చేతబడి అనీ అనుట విశ్వాసము కాదు.

ఇక "ఎవరి పాపము?" అను ప్రశ్న. యోహాను 9వ అధ్యాయములో శిష్యులు పుట్టు గ్రుడ్డివాని విషయమై అడిగినది ఇదే. ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేశారు. చదువుకొన్న లోకము కూడా ఈ తప్పు చేసింది. తల్లి ప్రేమగా చూడకపోవుట వలననే ఆటిజం వస్తుందని పడమటి దేశములలో కొందరు వైద్యులు చాలాకాలము చెప్పారు. ఆటిజం గల కుమారునికి తండ్రియైన బెర్నార్డ్ రిమ్‌లాండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1964లో పుస్తకము వ్రాసి ఆ మాటను ఖండించాడు. నేడు ఆ వాదనను వైద్యులు ఒప్పుకొనరు. అయినా మన వీధులలో తల్లినే నిందించుట ఆగలేదు.

2. ప్రభువు ఆదరించిన విధానము (మార్కు 7:31–37)

చెవుడు, నత్తి గల మనిషిని ప్రభువు వద్దకు తెచ్చినవారు చెయ్యి ఉంచమని మాత్రమే అడిగారు. అది వారు ఎరిగిన పద్ధతి. ప్రభువు ఆ మనిషికి తగిన పద్ధతిని ఎన్నుకొన్నారు. చెవుడు, ఆటిజం ఒకటి కావు గాని ఇక్కడ మనము నేర్చుకొనవలసినవి నాలుగు ఉన్నవి.

మొదటిది, అతనిని జనులలో నుండి ప్రక్కకు తీసికొని వెళ్ళారు. గుంపు, గోల అందరికీ సరిపడవు. మేము ఆ తల్లిని బయటికి పంపుట కూడా ప్రక్కకు పంపుటే గదా అని ఎవరైనా అనవచ్చు. కాదు. ప్రభువు అతనితో కూడ వెళ్ళారు. మేము లోపలనే ఉండిపోయాము.

రెండవది, వినలేని మనిషితో చేతులతో మాటాడారు. చెవులను, నాలుకను ముట్టి తాను చేయబోవునది తెలియజేశారు. అనగా ఎదుటివానికి అర్థమయ్యే భాషలోనికి ప్రభువు వచ్చారు. మాటలు అర్థము కాని బిడ్డకు బొమ్మలు అర్థము కావచ్చు. అందరి స్పర్శను ఓర్చుకొనలేని బిడ్డ తలమీద చెయ్యి వేయక, కొంచెము దూరముగా నిలిచి ప్రార్థించవచ్చు.

మూడవది, ఆకాశము వైపు చూచి నిట్టూర్చారు. ఆ మనిషి భారము ఆయనకు తగిలింది. ఉపదేశము చేయకముందు నిట్టూర్పు ఉండవలెను.

నాలుగవది, ఈ సంగతి చాటవద్దని చెప్పారు. మనమైతే ప్రార్థన మనవుల పేరిట మైకులో ఒకరి రోగమును పేరుతో సహా చెప్పివేస్తాము. పెండ్లి కావలసిన ఆడబిడ్డ విషయములో అది ఎంత హాని చేస్తుందో మీరెరుగుదురు. అనుమతి లేకుండా ఎవరి సంగతీ చెప్పరాదు.

బేత్సయిదాలోని గ్రుడ్డివానిని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించారు, రెండుసార్లు ముట్టారు, ఏమైనా కనబడుచున్నదా అని మధ్యలో అతనినే అడిగారు (మార్కు 8:22–26). యెరికోలో బర్తిమయికి ఏమి కావలెనో అతని నోటనే చెప్పించారు (మార్కు 10:51). ఇద్దరూ గ్రుడ్డివారే, అయినా విధానము ఒకటి కాదు. ఒక్కొక్కరికి తగిన ఆదరణ అనగా ఇదే.

3. సంకెళ్ళు తీసిన తరువాత (మార్కు 5:1–20)

గెరాసేనుల దేశములో జనులు ఎరిగిన వైద్యము సంకెళ్ళు ఒక్కటే. ఆ వైద్యము మన కాలము వరకు వచ్చింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఎర్వాడిలో ఒక ఆశ్రమపు పాక అగ్నికి ఆహుతి అయింది. మతి స్థిమితము కొరకు అక్కడికి తేబడి, గొలుసులతో కట్టబడియున్నవారు పారిపోలేక 28 మంది చనిపోయారు. దీనిని ఏదో ఒక మతమువారి తప్పు అని ఎంచరాదు. స్వస్థత పేరిట మనుష్యులను కట్టివేయుట అన్ని మతముల వారిలోనూ జరిగినదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 95వ సెక్షను ప్రకారము మానసిక రోగము గలవారిని ఏ రూపములోనూ గొలుసులతో కట్టరాదు. ఆ చట్టము 2018 మే 29న అమలులోనికి వచ్చింది. రోగము తిరగబెట్టినప్పుడు తనకు ఎటువంటి చికిత్స కావలెనో, ఏది వద్దో ముందుగానే వ్రాసియుంచే హక్కును కూడా అది పెద్దలకు ఇచ్చింది. అతని మాటకు విలువ ఉన్నదని చట్టమే ఒప్పుకొన్నది.

సంకెళ్ళు ఊడిన మనిషి ప్రభువు వెంట వస్తానన్నాడు. ప్రభువు అతనిని ఇంటికి, తనవారి యొద్దకు పంపారు. ఇంటికి చేరుట కూడా స్వస్థతలో భాగమే. మన పట్టణములో ఈ సత్యమును గ్రహించి పనిచేసినవారు ఉన్నారు. కీల్పాక్ మానసిక ఆరోగ్య సంస్థ మూలములు 1794 నాటివి. అక్కడ చాలాకాలము సేవ చేసిన వైద్యురాలు ఎం. శారదా మేనన్ 1984లో స్కార్ఫ్ అను సంస్థను స్థాపించారు. అన్నానగర్‌లోని ఆ సంస్థ చికిత్సతోపాటు కుటుంబములకు ఆలోచన చెప్పుట, రోగులకు పని నేర్పుట కూడా చేపట్టింది. ఆమె 2021లో కన్నుమూశారు. 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అను ఇద్దరు యువతులు, దిక్కులేక వీధిలో తిరుగుచున్న మతి చెడిన స్త్రీల కొరకు బేనియన్ సంస్థను ప్రారంభించారు. తిరిగి ఇంటికి పోలేని స్త్రీలు మామూలు వీధులలో, మామూలు ఇండ్లలో నలుగురైదుగురుగా కలిసి కాపురముండే ఏర్పాటు కూడా ఆ సంస్థ చేసింది.

అయినా మనము ఎవరినైనా ఎగతాళి చేయవలెనంటే "వీడిని కీల్పాక్‌కు పంపాలి" అంటాము. ఆ మాట మన ఇండ్లలో ఆగిపోవలెను. అది విన్న రోగి ఆసుపత్రి గడప త్రొక్కడానికి సిగ్గుపడతాడు.

4. ప్రార్థన, మందు, రొట్టె (1 రాజులు 19)

ఏలీయా చావు కోరుకొన్నాడు. అంత గొప్ప ప్రవక్త చెట్టు క్రింద పడియుండగా దేవుడు మొదట గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మరల నిద్రపోనిచ్చి మరల తినిపించాడు. ప్రశ్న అడుగుట ఆ తరువాతనే. చివరకు ఒక పని అప్పగించి, తోడుగా ఎలీషాను ఇచ్చాడు. నిద్ర, ఆహారము, వినే చెవి, చేయదగిన పని, తోడు మనిషి: దిగులుతో ఉన్నవానికి ఈ వరుస నేటికీ సరిపోతుంది. "విశ్వాసము తక్కువై నీకు దిగులు వచ్చింది" అని మొదటి మాటగా చెప్పేవారు ఈ అధ్యాయము మరల చదవవలెను.

మా ఎరుకలో బట్టల కంపెనీలో పనిచేయుచున్న ఒక సహోదరి ఉండెను. ఎవరో తనను గూర్చి మాటాడుచున్నట్లు ఆమెకు వినబడేది. ప్రభుత్వ ఆసుపత్రి మందులతో నెమ్మదించి తిరిగి పనికి వెళ్ళింది. ఒక ఉపవాస కూటములో బయటి నుండి వచ్చిన బోధకుడు, మాత్రలు మింగేవారికి విశ్వాసము లేనట్లే అన్నాడు. ఆమె మాత్రలు మానివేసింది. రెండు నెలలు తిరగకముందే రోగము తిరగబెట్టి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఉద్యోగము పోయింది. ఆ కూటములో మేము ఉన్నాము. ఆ మాట తప్పని ఎరిగియుండి కూడా, అతిథిని ఎదిరించుట మర్యాద కాదని ఊరకున్నాము. ఆ మర్యాదకు వెల ఆమె చెల్లించింది.

హిజ్కియా కొరకు ప్రార్థన జరిగింది, అంజూరపు ముద్ద కూడా కట్టబడింది (యెషయా 38). పౌలు తోటి పనివాడైన లూకా వైద్యుడే (కొలొస్సయులకు 4:14). మందు ఆపవలెనా, తగ్గించవలెనా అన్నది ఆ రోగి, డాక్టరు కలిసి నిర్ణయించవలసినది. బోధకుడు గాని సంఘ పెద్ద గాని నిర్ణయించరాదు. ఎవరైనా చావు మాట ఎత్తితే బెదిరింపని తీసివేయక, వారిని ఒంటరిగా విడువక, వెంటనే డాక్టరు వద్దకు తీసికొని వెళ్ళండి. 14416 అను టెలీ మానస్ నంబరు 2022 అక్టోబరు 10న ప్రారంభమైంది. అది ఉచితము, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులోనూ మాటాడవచ్చు.

5. సంఘము చేయగల పనులు (మార్కు 2:1–12)

పక్షవాయువు గలవానిని నలుగురు మోశారు. ఒక్కరివల్ల అయ్యే పని కాదు అది. వలస వచ్చిన కుటుంబమునకు ఇక్కడ అమ్మమ్మ లేదు, మేనమామ లేడు. ఆ నలుగురు సంఘములో నుండియే రావలెను. అట్టి ప్రతి కుటుంబమునకు, వారి సమ్మతితో, నలుగురిని ఏర్పరచవలెనని మా మనవి.

మొదటివారు ఆసుపత్రికి తోడు వెళ్ళి, తమిళములో చెప్పినది తెలుగులో వివరించి, మందుల వేళలు కాగితముపై వ్రాసి ఇవ్వవలెను. బిడ్డకు ఆటిజం అని అనుమానమైతే ఎగ్మూరు ప్రభుత్వ పిల్లల ఆసుపత్రిలో చూపించవచ్చు. ముట్టుకాడులో 2005లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ బహుళ వైకల్యముల జాతీయ సంస్థ, 1985 నుండి పనిచేయుచున్న కోట్టూరుపురంలోని విద్యాసాగర్ కూడా ఉన్నవి. "మగపిల్లలకు మాటలు ఆలస్యముగా వస్తాయి" అని ఏండ్లు గడపరాదు.

రెండవవారు కాగితముల పని చూడవలెను. 2016 వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించింది. వాటిలో ఆటిజం, మానసిక రోగము రెండూ ఉన్నవి. యు.డి.ఐ.డి. కార్డు దేశమంతటా చెల్లుతుంది గనుక పని కొరకు ఊరు మారే మనవారికి అది ఎంతో అవసరము. వైకల్యము నలుబది శాతము లేక అంతకు మించి ఉన్నదని ధృవపరచబడిన 6 నుండి 18 ఏండ్ల బిడ్డకు ఉచిత విద్య హక్కుగా ఉన్నది.

మూడవవారు వారమునకు రెండు గంటలు బిడ్డ వద్ద గాని రోగి వద్ద గాని ఉండవలెను. ఆ రెండు గంటలు తల్లి నిద్రపోయినా సరే, అది పరిచర్యయే.

నాలుగవవారు ఇంటికి వెళ్ళి కూర్చుండి, విని, ప్రార్థించవలెను. సలహాలు అడిగితేనే ఇవ్వవలెను.

ఈ నలుగురు కలిసి, ఆ మనిషినీ ఇంటివారినీ అడిగి, ఒక పుట పరిచయ పత్రము తయారుచేయవలెను. ఇతనికి ఇష్టమైనవి ఏవి? ఏది భయపెట్టును? ఔను, కాదు అని ఎట్లు తెలుపును? కలత పడినప్పుడు ఏమి చేయవలెను, ఏమి చేయరాదు? ఎవరిని పిలువవలెను? ఆదివార పాఠశాల ఉపాధ్యాయులు పాఠమునకు ముందు దీనిని చదువవలెను. పాట, ప్రార్థన, వాక్యము, ఇల్లు అని ఆరాధన క్రమమును బొమ్మలుగా గీసి చేతికిస్తే, తరువాత ఏమి జరుగునో తెలిసి కొందరు బిడ్డలు నెమ్మదిగా ఉంటారు. గుడిలో గాలి, వెలుతురు గల ఒక నిశ్శబ్దమైన మూల ఉంచండి. అది శిక్ష మూల కారాదు.

భాషను గూర్చి ఒక మాట. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు అయినందుననే బిడ్డకు మాట రాలేదని కొందరు తల్లులతో తెలుగు మాన్పించుచున్నారు. రెండు భాషలు వినుట వలన ఆటిజం రాదు, ఉన్న ఆటిజం ఎక్కువ కాదు. తల్లి తన హృదయ భాషలోనే జోల పాడవచ్చు, ప్రార్థన నేర్పవచ్చు.

ముగింపు

అయిదు నెలల తరువాత మేము ఆ కుటుంబము ఉండే ఇంటికి వెళ్ళాము. క్షమించుమని అడిగాము. ఆ తల్లి చాలాసేపు మాటాడలేదు. తరువాత ఆమెయే, "వాడికి చప్పుడు పడదండి. అంకెలంటే ప్రాణం" అని చెప్పింది. ఆ ఒక్క మాట మొదటి ఆదివారమే అడిగి తెలిసికొనవలసినది. ఇప్పుడు ఆ బాబు తండ్రితోకూడ అరగంట ముందు, గుడి నిశ్శబ్దముగా ఉన్నప్పుడు వస్తాడు. కీర్తనల నంబర్ల బోర్డుపై ఆ దినపు అంకెలను అతడే అమర్చుతాడు. ఒక్కటి కూడ తప్పిపోదు. డోలక్ మ్రోగే వేళకు తండ్రి అతనిని వేపచెట్టు క్రిందికి తీసికొని వెళ్తాడు. మాలో ఒకరు వారితోకూడ వెళ్ళి కూర్చుంటారు. బాబుకు మాటలు పెద్దగా రాలేదు. కేకలు పూర్తిగా మానలేదు. అయినా ఆదివారము రాగానే గుడికి వెళ్దామని చొక్కా తెచ్చి తల్లి చేతికి ఇస్తాడని ఆమె చెప్పింది.

చర్చకు ప్రశ్నలు

1. మార్కు 7లో ప్రభువు చేసిన నాలుగు పనులలో మన సంఘము దేనిని ఎక్కువగా మరచుచున్నది?

2. మన ఆరాధన నుండి మెల్లగా దూరమైన కుటుంబము ఏదైనా ఉన్నదా? వారి ఇంటికి ఈ వారము ఎవరు వెళ్తారు?

3. మన ప్రార్థన మనవులలో ఇతరుల మర్యాదను ఎట్లు కాపాడగలము?

4. మీ వీధిలోని ఒక కుటుంబమునకు ఆ నలుగురిలో మీరు ఎవరుగా ఉండగలరు?

ప్రార్థన: ప్రభువా, మేము మూసిన తలుపులను మాకు చూపుము. నీవు పేరు పెట్టి ఎరిగిన ప్రతివానిని మేమును ఎరుగునట్లు సహాయము చేయుము. ఆమేన్.